ఎండాకాలంలో మూసిన కిటికీ

మే 4

ఒసేయ్ కందిరీగా,

ఈ ఏడు ఎండలు మనుషుల్ని బతకనిచ్చేలా లేవు. పొద్దు కాస్త పైకెక్కేసరికే మా వీధి ఖాళీ. తారు రోడ్డు మెత్తబడిపోయి నిన్న పోస్టుమాన్ చెప్పు ఒకటి అందులో ఇరుక్కుంది. ఆయన ఒంటికాలి మీద గెంతుతూ దాన్ని పీక్కుంటుంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసి పైకి పిలిచి మంచినీళ్ళిచ్చాను. నా గదిలో ఫ్యాను తిరుగుతుంది గానీ వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతోంది. కలం చెమటకి జారిపోతోంది. పబ్లిషరు మాత్రం నవల ఏదీ అంటూ ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నాడు. ఎప్పుడూ చెమట తుడుచుకునే నా నవల్లోని ఇన్‌స్పెక్టరు శవం పక్కన రుమాలు పట్టుకుని నిలబడి పక్షం రోజులైంది పాపం. నేను కదిలితే కదా ఆయన కదిలేది.

మీ నవలలన్నీ ఎండాకాలంలోనే ఎందుకు జరుగుతాయని మళ్ళీ ఒక పాఠకుడు అడిగాడు. చలికాలంలో ఎవరి తలుపు వాళ్ళు బిగించుకుంటారు, ఎవరి గుట్టు వాళ్ళది. ఎండాకాలంలో అన్ని కిటికీలూ బార్లా తెరిచే ఉంటాయి, ఎవరు దగ్గినా వీధంతా వినిపిస్తుంది. అయినా మిట్టమధ్యాహ్నం ఒక్క కన్నూ తెరిచి ఉండదు. హత్య చేసేవాడికి ఇంకేం కావాలి? అందుకే ప్రతి పుస్తకం మొదటి పేజీలోనూ ఆ వాక్యం పట్టుబట్టి వేయిస్తాను: ఎండాకాలంలో మూసిన కిటికీ కనబడిందంటే, ఆ ఇంట్లో ఏదో జరిగిందన్నమాటే.

అసలు సంగతి ఇదీ. మా ఎదురు మేడ మీద గొడుగులు బాగుచేసే ఆయనా, ఆయన భార్యా ఉంటారని నీకు తెలుసుగా. ఎండలు ముదిరినప్పటి నుంచీ వాళ్ళ పడకగది కిటికీ తెరుచుకోవడం లేదు. పైగా లోపల గొడుగుల నల్లగుడ్డ కట్టారు. ఆవిడ కనబడటం లేదు. ఇదివరకు రోజూ కిటికీలో నిలబడి తల దువ్వుకునేది, నన్ను చూసి చెయ్యూపేది. ఇప్పుడు ఆయనొక్కడే వస్తాడు, పోతాడు. రోజూ ఎండ నెత్తిమీదికి వచ్చే వేళ పొడుగాటి గోనెసంచి భుజాన మోసుకుని మెట్లెక్కుతాడు. సంచిలోంచి నీళ్ళు కారుతుంటాయి. అది ఐసు దిమ్మ అని ఐసు కొట్టువాడే చెప్పాడు. ఇద్దరు మనుషులకి రోజూ అంత ఐసు ఎందుకే?

నీకు చిన్నప్పుడు జ్వరం వస్తే పక్కన కూర్చుని వీధిలో వాళ్ళందరి మీదా కేసులు అల్లి చెప్పేదాన్ని, నిజమా పెద్దమ్మా అంటే నోరు మెదిపేదాన్ని కాదు, గుర్తుందా? అప్పుడు నువ్వే నేరస్థుణ్ణి నాకంటే ముందు పట్టేసేదానివి. ఆ బుర్ర ఒకసారి నాకు అరువివ్వు. సాయంత్రం కాగానే నేను వెనక వరండాలో మంచం వేసుకుని పడుకుంటాను, వీధివైపు ఏం జరిగేదీ నాకు తెలియదు. పగలు చూసిందే నీకు రాశాను.

నీ పెద్దమ్మ

*

మే 9

మేడ మీది పెద్దమ్మకి,

ఇక్కడ ఈ కొండ ఊళ్ళో వాన. రెండు స్వెట్టర్లు వేసుకుని ఆఫీసులో కూర్చున్నాను. కిందటి వారం గాలి ఎటునుంచి వీస్తోందో చూడటానికి డాబా ఎక్కిన మా పెద్ద గుమాస్తా జలుబు పట్టి మంచమెక్కాడు. వాతావరణ కార్యాలయంలో పనిచేస్తూ వానలో తడిశాడని ఊరంతా నవ్వుతున్నారు. ఇప్పుడు ఆయన పని కూడా నా నెత్తినే పడింది. అన్ని ఊళ్ళ నుంచీ పొద్దున్నే వచ్చే ఎండ వేడి అంకెల్ని బోర్డు మీద రాయాలి, మరీ ఎక్కువైన వాటి కింద ఎర్రగీత గీయాలి.

నీ ఉత్తరం విప్పాను. మొదటి వాక్యమే ఎండ! మోకాళ్ళ నొప్పి గురించి ఒక్క ముక్క లేదు. అది చూసేసరికి నాకు సంగతి అర్థమైపోయింది, కుర్చీ ముందుకు జరుపుకుని చదివాను. నిజమా అని అడగను. అడగకూడదని నువ్వే నేర్పావు.

ఐసు నాకు నచ్చింది. ఎండాకాలంలో ఎవరు ఎప్పుడు పోయారో చెప్పేది ఒంటి వేడే కదా. గదిని చల్లగా ఉంచితే ఆ లెక్కంతా తారుమారు. మీ ఇన్‌స్పెక్టరు లాంటి వాళ్ళు కూడా నెత్తి గోక్కోవాల్సిందే. నల్లగుడ్డ ఎందుకంటే, కిటికీ అద్దం మీద చెమ్మ పడితే బయటివాళ్ళకి కనిపిస్తుంది. అయితే ఒక్క సంగతి తేలాలి. ఆవిడ ఉందా లేదా? నువ్వొక చిరిగిన గొడుగు తీసుకుని మిట్టమధ్యాహ్నం వెళ్ళు. గొడుగు చేతికిచ్చి మాటల్లో పెట్టి, ఆవిణ్ణి పిలవమను. ఏమంటాడో, ఎలా అంటాడో నాకు రాయి. తలుపు ఎంతవరకు తీస్తాడన్నది ముఖ్యం.

ఇంత హుషారుగా ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో.

నీ కందిరీగ

*

మే 14

కందిరీగా,

నిజమా అని అడగకుండా నమ్మావు చూడు, నాకు అది చాలు. కింది వాటాలో ఉండే టీచరమ్మకి ఇదే చెబితే, మీరు రాసే పుస్తకాలే మీ తలకెక్కాయండీ అంటూ నవ్వేసింది. నువ్వు మోకాళ్ళ సంగతి కూడా పట్టేశావు. నిజమే, ఈ భయంలో నాకు మోకాళ్ళున్నాయన్న సంగతే గుర్తు లేదు.

నువ్వు చెప్పినట్టే వెళ్ళాను. గొడుగు చిరిగింది లేకపోతే నేనే ఒక పుల్ల విరగ్గొట్టాను. మెట్లెక్కేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. తలుపు తట్టాను. ఆయన జానెడు సందు తీశాడు, అంతే. ఆ సందులోంచి చల్లటి గాలి నా మొహానికి తగిలింది. ఈ ఎండలో అంత చల్లదనం మనుషులుండే గదిలోది అనిపించలేదు నాకు. గొడుగు అందుకున్నాడు. ఆవిణ్ణి ఒకసారి పిలవండి, పలకరించి చాలా రోజులైంది అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూసి, వేలు పెదవుల మీద పెట్టాడు.

"పడుకుంది," అన్నాడు. గుసగుసగా అన్నాడే, ఎవరో వింటారన్నట్టు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను, గొడుగు అయిందా అని. అదే సందు, అదే వేలు, అదే మాట. ఆ తర్వాత రోజూ అంతే. పగలు ఎప్పుడు వెళ్ళినా పడుకునే ఉండే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మనిషి చిక్కిపోయాడు. చూస్తే చీమకి కూడా హాని చేసేవాడిలా ఉండడు. నా పుస్తకాల్లో చివరికి దొరికేది అలాంటివాళ్ళే కదా, అదే నా భయం.

ఆ పిల్ల నన్ను చూసి చెయ్యూపేది. నాకు భయంగా ఉంది. పోలీసుల దగ్గరికి వెళ్ళనా? వెళ్ళి, తీరా ఏమీ లేకపోతే ఆయన పరువేం కావాలి? వెళ్ళకపోతే, ఏదైనా ఉంటే నాకు నిద్రెలా పట్టాలి? నువ్వేం చెబితే అదే చేస్తాను.

పెద్దమ్మ

*

మే 19

పెద్దమ్మకి,

"పడుకుంది" అన్న చోట ఒళ్ళు జలదరించింది. మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. మంచంలో ఉన్న జలుబు గుమాస్తాకి ఇంటికెళ్ళి చదివితే ఆయన కూడా లేచి కూర్చున్నాడు. "నాకు భయంగా ఉంది" అన్న వాక్యం మాత్రం తీసెయ్, నువ్వు భయపడుతున్నట్టు ఆ ముందు మాటల్లోనే తెలుస్తోంది. ఆ పిల్ల చెయ్యూపేదన్నది చాలు.

పోలీసుల దగ్గరికి ఇప్పుడే వద్దు. ఇప్పుడే వెళితే మిగతా పేజీలన్నీ ఏం పెట్టి నింపుతావు? చప్పబడిపోతుంది. ముందు ఆయనకి ధీమా కలిగించాలి. నువ్వు రోజూ వెళ్ళి తలుపు తడుతున్నావు, ఆయన జాగ్రత్త పడి ఉంటాడు. కాబట్టి ఊరెళ్ళినట్టు నటించు. కిటికీలన్నీ మూసెయ్. ఫ్యాను కూడా కట్టేయాలి, నిశ్శబ్దంగా ఉండే వీధిలో ఆ చప్పుడు ఎదురింటి దాకా వినిపిస్తుంది. కిటికీ రెక్కల మధ్య వేలెడు సందు ఉంచుకుని మధ్యాహ్నమంతా అక్కడే కూర్చో. కదలకు. ఎవరూ చూడటం లేదనుకున్న రోజు ఆయన ఆ నల్లగుడ్డ తీస్తాడు. అప్పుడు నీకు లోపలిదంతా కనిపిస్తుంది.

చూశావా, ఎండాకాలంలో రెండు ఇళ్ళకీ మూసిన కిటికీలే! నీ మొదటి పేజీ వాక్యానికి ఇంతకంటే మంచి మలుపు ఉండదు.

మా ఊళ్ళో ఇవాళ కూడా వానే.

కందిరీగ

*

మే 24

కందిరీగా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. కొన్ని ముక్కలు అర్థం కాలేదు. ఏ పేజీలు నింపాలే? చప్పబడటమేమిటి? ఒక ఆడమనిషి బతికుందో లేదో తెలియక నేను కొట్టుకుంటుంటే, వాక్యం తీసెయ్ అంటావా? కాసేపు నీమీద ఒళ్ళు మండింది. తర్వాత అనుకున్నాను, నువ్వు ఆఫీసుల్లో పనిచేసేదానివి, ఏదో ఆలోచన లేకుండా రాయవు, ఎండకి నా బుర్రే పనిచేయడం లేదని. నీ మాట ఎప్పుడు తప్పయింది గనక.

అందుకే నువ్వు చెప్పినట్టే చేశాను. టీచరమ్మతో చెల్లెలి ఊరు వెళుతున్నానని చెప్పాను. కిటికీలు మూశాను. ఫ్యాను కట్టేశాను. మొదటి రోజు ఫరవాలేదు. ఆయన సంచి మోసుకుని వచ్చాడు, మా కిటికీ వంక చూశాడు, కాసేపు నిలబడ్డాడు, లోపలికి పోయాడు. రెండో రోజూ అంతే. ఎందుకే అలా నిలబడి చూస్తాడు?

తల పగిలిపోతోంది. నీళ్ళ కుండ వంటింట్లో ఉంది. లేచి వెళితే ఆ కాస్తలోనే ఆయన గుడ్డ తీస్తాడేమోనని లేవడం లేదు. విచిత్రం, చెమట కూడా పట్టడం మానేసింది. మంచిదే, కాగితం తడవదు. మా ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు నిన్న. రుమాలు ఇవ్వండి అని అడిగితే ఇవ్వలేదు. ఆవిడ కిటికీలో నిలబడి తల దువ్వుకుంటున్నట్టు కనబడింది, చూస్తే కిటికీ మూసే ఉంది. మూసింది వాళ్ళ కిటికీయా నాదా?

ఆయన సంచి మోసుకుని వచ్చాడు. ఇది ముందే రాశానా? పోస్టుమాన్ వచ్చే వేళయింది. తలుపు సందులోంచి ఇచ్చేస్తాను. మళ్ళీ కూర్చోవాలి. నువ్వు కదలొద్దన్నావుగా.

పెద్ద

*

మే 28

పెద్దమ్మా,

ఈ ఉత్తరం నీకు అందేసరికి నువ్వు చదివే స్థితిలో ఉన్నావో లేదో తెలియదు. అయినా చేతులు ఊరుకోక రాస్తున్నాను.

నీ ఉత్తరం వానలకి ఆలస్యమై ఇవాళ పొద్దున్న వచ్చింది. ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చున్న చోటు చదివి, ఎంత బాగా రాసిందో అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలని ఉంది. చివర సంతకం పూర్తి కాలేదు. నువ్వు కేసు ఎంత భయంకరంగా అల్లినా సంతకం మాత్రం ఎప్పుడూ వంకర పోనిచ్చేదానివి కాదు. కాగితం వెనక్కి తిప్పి చూస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అప్పుడు తలెత్తి బోర్డు చూశాను. మీ ఊరి పేరు అన్నిటికంటే పైన ఉంది. దాని కింద ఎర్రగీత. రోజూ నా చేత్తో నేనే గీస్తున్న గీత. ఆ ఊళ్ళో నువ్వున్నావని ఒక్కరోజు కూడా తట్టలేదు.

నేను ఇదంతా కేసు అనుకున్నాను పెద్దమ్మా. నీ మామూలు ఉత్తరాలన్నీ మోకాళ్ళ నొప్పితో మొదలవుతాయి, కేసులన్నీ ఎండతో మొదలవుతాయి. చిన్నప్పటి నుంచీ అంతే, అది మన ఏర్పాటని నా నమ్మకం. నువ్వూ అలాగే అనుకున్నావో, అసలు గమనించనే లేదో. ఈసారి ఎండతో మొదలైంది, అంతే, ఇంకేం ఆలోచించలేదు. కిటికీలు మూయమన్నది కథలోని నిన్ను. గదిలోని నిన్ను కాదు.

టెలిగ్రాం ఇచ్చాను. కిటికీలు తెరువు, నీళ్ళు తాగు, టీచరమ్మని పిలువు అని. బయలుదేరదామంటే వానకి కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది, బస్సులు లేవు, టపా సంచుల్ని మాత్రం ఎలాగో మోసి దాటిస్తున్నారు, మనుషుల్ని వదలడం లేదు. ఒక ఊళ్ళో ఎండ, ఒక ఊళ్ళో వాన, మధ్యలో నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. అక్కడ ఆ గొడుగులాయన సంగతేమిటో, ఆవిడ ఉందో లేదో, అది కూడా ఇప్పుడు నిజమేనని గుర్తొచ్చి మరీ భయమేస్తోంది. నువ్వు స్పృహ తప్పి ఉంటే, ఎదురుగా ఉన్నది ఆయనొక్కడే.

ఒక్క అక్షరం రాయి. ఎవరి చేతనైనా రాయించు.

నీ పిల్ల

*

జూన్ 3

ఒసేయ్ కందిరీగా,

మోకాళ్ళు సలుపుతున్నాయి. కుడిది మరీను. కాబట్టి ఇది నిజం ఉత్తరమని తెలుసుకో. ఆ ఏర్పాటు సంగతి నాకు తెలియనే తెలియదు. ఇన్నేళ్ళూ నేను అలా రాస్తున్నానని నువ్వు చెబితే గానీ ఎరగను.

చేతిరాత చూసి కంగారు పడకు. నా చెయ్యి ఇంకా వణుకుతోంది. నేను చెబుతుంటే ఎదురింటి గొడుగులాయన రాస్తున్నాడు.

ఆ రోజు పోస్టుమాన్‌కి ఉత్తరం ఇచ్చి కుర్చీ దాకా వచ్చినట్టు గుర్తు. తర్వాత ఏమీ లేదు. ఈయన రెండు రోజుల నుంచీ మా కిటికీ వంక చూస్తూనే ఉన్నాడట. ఊరెళ్ళానని టీచరమ్మ చెప్పినా ఈయనకి నమ్మకం కుదరలేదు. నా పుస్తకాలన్నీ చదివాడట. ఎండాకాలంలో మూసిన కిటికీ కనబడితే ఆ ఇంట్లో ఏదో జరిగిందన్నమాటేనని మీరే కదండీ మొదటి పేజీలో రాశారు అంటాడు. ఆ మూడో రోజు పోస్టుమాన్ నా తలుపు దగ్గర చెయ్యి చాపి ఉత్తరం తీసుకోవడం చూశాడు. మనిషి లోపలుండి కిటికీలు మూసుకుందంటే ఇక ఆగలేకపోయాడు. వచ్చి తలుపు తట్టి, పలకకపోతే గొడుగు పుల్ల సందులోంచి దూర్చి గడియ లేపాడు. నన్ను చూసి, పరిగెత్తుకుంటూ వెళ్ళి భార్యని లేపాడు.

అవునే, ఆవిడ పడుకునే ఉంది. ఆస్పత్రిలో నర్సు. ఎండదెబ్బ తగిలినవాళ్ళతో వార్డులు నిండిపోయి, ఎండలు ముదిరినప్పటి నుంచీ ఆవిడకి రాత్రి డ్యూటీ వేశారు. వెనక సందులోంచి సాయంత్రం వెళ్ళి, తెల్లారకముందే వస్తుంది. ఈ ఎండలో పగలు నిద్ర పట్టాలంటే గది చీకటిగా, చల్లగా ఉండాలి కదా. నల్లగుడ్డ అందుకు. టబ్బులో ఐసు దిమ్మ పెట్టి దాని వెనక ఫ్యాను పెడతాడట. తన నిద్ర మానుకుని పక్కన కూర్చుని చూసుకుంటాడు. ఆ కళ్ళు ఎర్రబడింది అందుకే.

ఆ రోజు టబ్బులో ఉన్న ఐసంతా తెచ్చి నా ఒంటి మీద గుడ్డల్లో చుట్టి పెట్టారు. నేను ఎవరి శవాన్ని దాచడానికనుకున్నానో, ఆ ఐసే నన్ను శవం కాకుండా కాపాడింది. కళ్ళు తెరిచేసరికి ఆవిడే నా మీదికి వంగి ఉంది, జుట్టు చెదిరిపోయి, నిద్రమొహంతో.

"నువ్వు బతికే ఉన్నావా?" అని అడిగాను.

"అది మేమండీ మిమ్మల్ని అడగాల్సింది," అంది.

ఇప్పుడు నీకొక మాట చెప్పాలి, ఈయన ముందే చెప్పాలి. ఈయన భార్యని చంపి ఐసులో దాచాడని ఇన్నాళ్ళూ నేను అనుకున్నాను.

(ఇక్కడ సిరా మరక పడినందుకు క్షమించాలి. రాస్తున్నవాడు.)

కలం ఆపేశాడు. నేను తల దించుకున్నాను. మరక అద్దుతూ, ఎలా చంపాననుకున్నారండీ అని అడిగాడు. చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మీ ఇన్‌స్పెక్టరుకి ఇది సరిపోదండీ అన్నాడు. అని, మళ్ళీ కలం తీసుకున్నాడు. క్షమించారా అని నేను అడగలేదు. రాయడం మానలేదు కదా, అదే నాకు చాలనిపించింది. పోలీసుల దగ్గరికి వెళ్ళొద్దని నువ్వు చెప్పడం ఒక్కటే ఈ మొత్తంలో మనిద్దరం చేసిన మంచిపని. అదీ తప్పు కారణానికి.

నీ టెలిగ్రాం నిన్నే వచ్చింది. వానలకి తీగలు తెగాయట. పోస్టుమాన్ వీధిలో నిలబడి, కిటికీలు తెరవాలటండీ అని కేకలు పెట్టాడు. నాది బార్లా తెరిచే ఉంది. ఇకమీదట ఎప్పుడూ అంతే, ఎవరు చెప్పినా మూయను, నువ్వు చెప్పినా సరే. నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపి, దారి తెరవగానే వచ్చెయ్. మీదపడి ఏడవాలనుంది నాకు. కథ రాస్తే పైన కథ అని రాస్తాను, నువ్వు కూడా ముందు అది చూసుకో.

ఆ పిల్ల ఇప్పుడు పడుకుని ఉంది. ఈయన నా దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాడు కాబట్టి, ఆవిడ నిద్రకి కాపలా నాది. కిటికీ దగ్గరే నా మంచం. మధ్యాహ్నం పూట ఎవరైనా కింద నిలబడి గట్టిగా మాట్లాడితే చెయ్యి ఊపి పిలుస్తాను. ఇందాక ఎవరో కొత్తాయన, గొడుగు పట్టుకుని, ఎదురింటావిడ ఉందాండీ అని అడిగాడు.

వేలు పెదవుల మీద పెట్టి, పడుకుందన్నాను. ఆయన నా వంక అదోలా చూసి వెళ్ళిపోయాడు.

మోకాళ్ళ నొప్పులతో,
నీ పెద్దమ్మ